బుజ్జి ముఖంలో మంచు

కళ్ళంలో ఆరబోసిన కాఫీ పళ్ళ పుల్లటి వాసన వస్తోంది. కడుపుతో ఉండి నాలుగో నెల దాటిన మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. కడుపులో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందని పరీక్షలో తేలింది.

"నాన్నా, అత్తకీ ఇదే కదా. ఎలా ఉండేది? కోతలు కొయ్యకుండా చెప్పు."

అత్తంటే నా చెల్లెలు బుజ్జి. దాని ముఖం అలా ఉందేమని ఎవరైనా అడిగితే, అది పుట్టిన రోజు అరకులోని మంచు మొత్తం మా ఇంట్లో దూరి దాని ముఖంలో గడ్డకట్టిందనీ, ఎండకు కరుగుతుందనీ చెప్పేవాణ్ణి. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను. నా చిన్నప్పుడు ఒక ఏడు దాన్ని కళ్ళంలో ఎండకు నిలబెట్టి, కాఫీ పళ్ళు తిరగేసినప్పుడల్లా దాన్నీ అటూ ఇటూ తిప్పాను. నవ్వుతూ తిరిగేది. నాలుగో రోజుకి బుగ్గలు కమిలిపోయాయి.

అమ్మ చూసి పరిగెత్తుకొచ్చింది. "ఏటి సేత్తన్నావురా గుంటడా!"

నాకంటే ముందు బుజ్జే చెప్పింది. "నానూ అన్నయ్యలాగ అయిపోతానమ్మా. బేగి అయిపోతాను."

అమ్మ నన్ను కొట్టలేదు. దాని బుగ్గలకు కొబ్బరినూనె రాస్తూ ఏడ్చింది. కాలింది బుజ్జికైతే అమ్మెందుకు ఏడుస్తోందో నాకప్పుడు అర్థం కాలేదు.

ఇదంతా అమ్మాయికి చెప్పాను. బుజ్జి పద్నాలుగో ఏట గుండెజబ్బుతో పోయిన సంగతీ దాచలేదు.

"సంతోషంగా ఉండేదా నాన్నా?"

"ఉండేదమ్మా. ముఖం మార్చుకోవాలని నేను దానికి చెప్పేదాకా ఉండేది."

అమ్మాయి చాలాసేపు పొట్టమీద చెయ్యి తియ్యలేదు. బిడ్డను ఉంచుకోమనీ, వద్దనీ నేను చెప్పలేదు.