లూర్దమ్మ బల్ల కింద సామాను

నాచారం చౌరస్తాలో, తెల్లారేసరికి కూలీలు పని కోసం నిలబడే అడ్డా దగ్గర లూర్దమ్మకు చాయ్ బండి ఉంది. అక్కడ ఆమెది ఒక పద్ధతి. పని సరిగా దొరకని రోజుల్లో తాపీలు, సుత్తెలు, గడ్డపారలు తన బల్ల కింద పెట్టినవాళ్లకే చాయ్ పోస్తుంది. పిలుపు వస్తే తీసుకుని పోవచ్చు. మగవాళ్లు దాన్ని ‘అక్క జప్తు’ అని ఎగతాళి చేస్తారు, చేస్తూనే పెడతారు.

పేదవాళ్లకు కోపం ఎక్కువని పెద్దమనుషులు తేలిగ్గా అనేస్తారు. లూర్దమ్మ ఇన్నేళ్లుగా చూసింది వేరు. పని దొరికిన రోజు ఒకే బీడీని ఇద్దరు పంచుకుంటారు. వరసబెట్టి ఉత్త చేతులతో ఇంటికి పోతే ఆ ఇద్దరే, కాలు తగిలిందని గల్లా పట్టుకుంటారు. ఒక వానాకాలం అట్లాగే ఒకడి చెయ్యి తెగింది. జప్తు అప్పుడు మొదలైంది.

కొన్నేళ్ల తర్వాత ఒక ఏడాది ఉప్పల్ వైపు కట్టడాలు చాలావరకు ఆగిపోయాయి. అడ్డా నిండా మనుషులే, పిలిచే మేస్త్రీలు లేరు. లూర్దమ్మ అందరి సామానూ తీసుకుంది, జీవన్ కుమార్ సుత్తె తప్ప. జీవన్ ఆమె సొంత తమ్ముడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయించే మెతక మనిషి. మావోడే గదా అనుకుంది.

ఒక పొద్దున ఆటో వచ్చింది. ఒక్క మనిషి చాలన్నాడు మేస్త్రీ. జీవన్ ఒక కాలు లోపల పెట్టాడు. నరేందర్ అతన్ని పక్కకు లాగి తాను ఎక్కబోయాడు. ఇద్దరూ కలిసి ఎన్నో గోడలు కట్టినవాళ్లే. కానీ జీవన్ చేతిలో సుత్తె ఉంది. నరేందర్ తల పగిలింది.

ఎవరు కొట్టారని పోలీసులు అడిగితే అడ్డా మొత్తం లూర్దమ్మ మొహం చూసింది. ఆమె నోరు విప్పకపోతే ఎవరూ చెప్పేవాళ్లు కాదు.

“మా తమ్ముడే కొట్టిండు సార్. సుత్తె నేను తీస్కోలే,” అంది.

రెండో మాట పోలీసులకు అర్థం కాలేదు. జీవన్‌ను చర్లపల్లి జైలుకు పంపారు. జామీను నిలబడేవాళ్లు దొరకక అక్కడే ఉండిపోయాడు.

చలికాలంలో పనులు మళ్లీ మొదలయ్యాయి. ఒకరోజు నాగోల్ నుంచి లారీ వచ్చింది. ఎంతమంది ఉంటే అంతమందినీ రమ్మన్నారు. బల్ల కింద సామానంతా ఖాళీ అయింది. తల మీద కుట్ల మచ్చతో నరేందర్ తన తాపీ తీసుకుని, రెండడుగులు వేసి ఆగాడు.

“లారీల మస్తు జాగుంది అక్క. వాడుంటే వాడు గూడ ఎక్కుతుండె,” అన్నాడు.

లారీ పోయేదాకా లూర్దమ్మ గ్లాసులు కడిగింది. తర్వాత ఆ బల్ల మీదే కూర్చుని ఏడ్చింది.