ఉరుముల మాస్టారి ఇల్లు

బళ్ళో పిల్లలు ఆయనకు పెట్టుకున్న పేరు ఉరుముల మాస్టారు. ఆ సంగతి ఆయన భార్యకు పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళకు గానీ తెలియలేదు. ఇంట్లో ఆయన నోట వచ్చే మాటలు మూడే: ఊ, వద్దు, తర్వాత. సాయంత్రం అయిదున్నరకు వచ్చి, చెప్పులు విడిచి, వాలు కుర్చీలో కళ్ళు మూసుకునేవాడు. చిన్నప్పుడు కూతురు లెక్కల పుస్తకం పట్టుకుని నాలుగు రోజులు ఆ కుర్చీ చుట్టూ తిరిగింది. అయిదో రోజు పక్కింటి అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. మనిషి తత్వమే అంత, పోనీలే అని భార్య సరిపెట్టుకుంది.

ఆ పంతొమ్మిదో ఏట ఒకరోజు ఆయన బీపీ మాత్రలు మర్చిపోతే ఆవిడే బడికి తీసుకెళ్ళింది. వరండా మలుపు తిరగ్గానే నవ్వులు వినిపించాయి. కిటికీలోంచి చూసి కదల్లేకపోయింది. నడుం నొప్పని ఇంట్లో బకెట్టయినా ఎత్తని మనిషి బల్లెక్కి నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

"ఒరేయ్, మీరంతా చెరువులో నీళ్ళు. ఎండ మాడ్చేస్తోంది. ఏమవుతారు?"

"ఆవిరి!"

"మరి ఇంకా కూర్చున్నారేం? లేవండి!"

నలభై మందీ చేతులూపుకుంటూ బెంచీలెక్కారు. ఆయన గొంతు చించుకుని ఉరిమాడు. అందరూ వానై కిందికి దూకారు. వెనక బెంచీలో ఒక పిల్ల మాత్రం ముడుచుకుని కూర్చుంది. ఆయన బల్ల దిగి, ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నువ్వు రాకపోతే నా వానకి ఒక చుక్క తక్కువవుతుందమ్మా" అన్నాడు. ఆ పిల్ల నవ్వుతూ లేచింది.

ఆవిడ మాత్రలు అటెండరు చేతిలో పెట్టి వచ్చేసింది. దారంతా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఇన్నేళ్ళూ ఆయనలో లేదనుకుని తను అడగడం మానేసిన హుషారు ఆయన దగ్గర బోలెడంత ఉంది.

సాయంత్రం ఇక ఆపుకోలేక అడిగేసింది.

"అంత హుషారూ అక్కడే ఒలకబోసి రావాలా? మాకో గుక్కెడు మిగల్చకూడదా?"

ఆయన కళ్ళు తెరిచాడు. "నేను చల్లబడితే క్లాసంతా చల్లబడిపోతుందే. రోజుకి ఆరు క్లాసులు. ఇంటికొచ్చేసరికి నాలో ఇంకేం ఉండదు. రిటైరయ్యాక అంతా నీకే, సరేనా?"

ఆవిడ ఆ మాట నమ్ముకుని తొమ్మిదేళ్ళు ఎదురుచూసింది.

రిటైరయ్యాక కూడా ఆయన ఆ కుర్చీ వదల్లేదు. రెండు నెలలు చూసి, ఒక ఉదయం ఆవిడే ఎదురుగా చాప వేసుకుని కూర్చుంది.

"నాకు వాన పాఠం చెప్పండి."

ఆయన సిగ్గుపడుతూ లేచాడు. "చెరువులో నీళ్ళున్నాయి. ఎండ కాస్తోంది." గది చుట్టూ ఒకసారి చూశాడు. "ఏమవుతాయి?"

"ఆవిరవుతాయండీ!" లేని ఉత్సాహం తెచ్చిపెట్టుకుని అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "రావట్లేదే. వాళ్ళ మొహాలు చూస్తే దానంతటదే వచ్చేది. నీకిస్తానని మాటిచ్చాను, కానీ..."

ఆవిడ లేచి ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఏడాది తిరక్కుండానే ఆయన గుండెపోటుతో పోయాడు. పాత విద్యార్థులతో ఇల్లు నిండి మెట్ల దాకా జనం. వాళ్ళలో ఒక బస్సు డ్రైవరు, "పదో తరగతి తప్పినవాణ్ణమ్మా నేను. మాస్టారి క్లాసు మాత్రం ఒక్కటీ ఎగ్గొట్టలేదు" అని, అచ్చం ఆయనలాగే ఉరిమి చూపించాడు. అందరూ పకపకా నవ్వారు, ఆ నవ్వులోనే ఏడ్చారు.

కూతురు చప్పున లేచి వంటింట్లోకి వెళ్ళింది. తల్లి వెనకే వెళ్ళింది.

"వీళ్ళంతా ఎవరి గురించి చెప్తున్నారమ్మా? నాకు ఈ మనిషి తెలీదు."

"నేను చూశానే, ఒక్కసారి. బడి కిటికీలోంచి."

"మరి నన్నెందుకు తీసుకెళ్ళలేదు?"

 ఆనాడు తల్లికి తన బాధే కొండంత అయింది. ఇంట్లో ఇంకొకరు కూడా ఆయన కోసం ఎదురుచూసి విసిగిపోయారన్నది తట్టనే లేదు. "తట్టలేదమ్మా" అనబోయి, ఆ మాట ఎంత చిన్నదో తెలిసి ఊరుకుంది.

హాల్లో మళ్ళీ ఎవరో ఉరిమారు. కూతురు కొళాయి తిప్పి, కడిగి బోర్లించిన గ్లాసులనే మళ్ళీ కడగసాగింది.