పేలినాక మాట్లాడిన పురుగు

మా చిన్నాయన పోయాడన్న కబురు నాకు విరుదునగర్‌లో అందింది. ఒక విశ్వాసి ఇంటి ముందు పందిట్లో నిలబడి వాక్యం చెబుతున్నాను. మధ్యలో జేబులో ఫోను మోగింది. ప్రియులారా, పనివేళలో ఫోను మోగడమంటే మా పక్క ఏమిటో మీలో కొందరికి తెలియకపోవచ్చు. నా భార్య టపాకాయలు చేసే పటాసు యూనిట్‌లో పని చేస్తుంది. పొద్దున కోవిల్‌పట్టిలో వ్యాను ఎక్కుతుంది, సాయంత్రం అదే వ్యానులో దిగుతుంది. ఆ రెండింటి నడుమ ఫోను మోగితే నా చెయ్యి నా మాట వినదు. అప్పటిదాకా సింహాల గుంటలో భయపడని భక్తుడి గురించి గొంతు చించుకుని చెప్పిన నాకు, ఒక బొత్తాం నొక్కడానికి రెండు చేతులూ కావలసివచ్చాయి.

చిన్నమ్మ గొంతు వినిపించింది. "మీ సిన్నాయన పోయినాడురా. కుర్చీలో కూర్చున్నట్టే పోయినాడు."

ముందు నాకు ఊపిరి వచ్చింది. ఆ తర్వాతే ఏడుపు వచ్చింది. ఆ వరుసను ఆయన ఒక్కడే అర్థం చేసుకునేవాడు. బయం కిందికి దిగితేనే మిగతావాటికి చోటు దొరుకుతుంది అనేవాడు.

ఆయన మా నాన్నకు తమ్ముడు. వయసులో ఉన్నప్పుడు విరుదునగర్ పక్క ఒక పటాసు యూనిట్‌లో మందు కలిపే పని చేశాడు. ఒకనాడు నీళ్లు తాగుదామని షెడ్డు దాటి బయటికి వచ్చాడు. ఆయన చెంబు ఎత్తేసరికి వెనక షెడ్డు లేదు. ఎడమ చెవి ఆనాటితో పోయింది. మిగిలిన చెవితో ఆయన లోకంలోని ప్రతి చప్పుడుకూ భయపడ్డాడు. కుక్కర్ కూత వేస్తే వంటింట్లోంచి లేచి వీధిలోకి వెళ్లేవాడు. దీపావళి వస్తుందంటే సంచి సర్దుకుని నాగలాపురంలో మా మేనత్త చేను దగ్గరికి పోయేవాడు. ఆ నల్లరేగడిలో కూర్చుంటే చప్పుడు రాదు, వచ్చినా మెత్తగా వస్తుంది అనేవాడు. ప్రార్థనకు వస్తే వెనక బెంచీలో, చెవిటి చెవి గంట వైపు ఉండేలా కూర్చునేవాడు.

తర్వాత కోవిల్‌పట్టిలో వేరుశెనగపప్పుతో కడలమిఠాయి చేసే ఒక అంగడి పైన చిన్న గది తీసుకుని కంప్యూటర్లు పెట్టాడు. జనం వచ్చి దరఖాస్తులు నింపుకునేవాళ్లు, పరీక్షా ఫలితాలు చూసుకునేవాళ్లు. కింద బెల్లం పాకం కాగుతూ ఉంటే పైన ఆ వాసనలోనే పని జరిగేది. ఏ యంత్రానికీ చప్పుడు పెట్టనిచ్చేవాడు కాదు. ఒకసారి ఒక కాలేజీ విద్యార్థి ఒక ఆట డిస్కు వదిలేసి పోయాడు. అది ఏమిటో చూద్దామని ఈయన వేశాడు. చప్పుడు తగ్గించడం మరిచాడు.

అది పురుగుల ఆట. తెరమీద ఒక దీవి, చుట్టూ నీళ్లు. దీవి మీద రెండు గుంపుల పురుగులు, గులాబీ రంగువి, గుడ్లప్పగించి చూసేవి. వంతులవారీగా ఆడాలి. నీ వంతు వస్తే ఒక పురుగును నడిపి, గాలి ఎటు వీస్తోందో బాణం గుర్తు చూసి, గురి ఎత్తి, ఫిరంగి పేల్చాలి. తర్వాత అవతలివాడి వంతు. నీళ్లలో పడిన పురుగు పోయినట్టే. ప్రాణం అయిపోయిన పురుగు ఒక చిన్న మాట చెప్పి సమాధిరాయి అయిపోతుంది.

మొదటి గుండు పేలగానే చిన్నాయన బల్లకిందికి దూరాడట. బల్లకింద ఉండగా పైనుంచి ఒక సన్నటి గొంతు ఏదో తిట్టినట్టు వినిపించింది. తల ఎత్తి చూస్తే మసిబారిన పురుగు నిలబడి ఉంది.

"పేలినాక మాట్లాడిందిరా," అని నాతో చెప్పాడు. "పేలినాక ఎవురూ మాట్లాడరు గదా. ఇది మాట్లాడింది. నాకు నవ్వు వచ్చింది. ఆ పొద్దు తర్వాత అదే మొదుటి నవ్వు."

నేను ఆ ఆట మాట విని ఊరుకునేవాణ్ణా? వాక్యం సంకలో పెట్టుకుని మెట్లెక్కాను. నరకంలో చావని పురుగు గురించి, ఆరని అగ్ని గురించి ఆయన ముందు నిలబడి చెప్పాను. మా చిన్నాయన కుర్చీ లాగి కూర్చోమన్నాడు.

"ఉపదేశీ, మీ దేవుడు యాకోబును ఏమని పిలిచినాడు?"

"చాలా పేర్లతో పిలిచాడు."

"పురుగా అని పిలవలేదా? పిలిచి ఏమన్నాడు? సంకలో ఉండేది తీసి చూడు."

తీశాను. ప్రవక్త గ్రంథంలో ఆ చోటు నా వేలికి తెలుసు. పురుగులాంటి యాకోబుతో దేవుడు భయపడొద్దన్నాడు, నేను తోడున్నానన్నాడు. పైకి చదివాను. ఆయన తల ఊపి, "దాన్నే నేను ఆడతా ఉండాను," అన్నాడు. ఆ తర్వాత ఎన్ని పందిళ్లలో ఆ వచనం మీద బోధించానో, ప్రతిసారీ ఆ గదిలోని బెల్లం వాసన నా ముక్కుకు తగిలింది.

ఆ ఆట వంశావళి ఆయన నోట వినాలి. కీబోర్డుల దుమ్ము తుడుస్తూ, పితరుల పేర్లు చదివినట్టు చెప్పేవాడు. పూర్వం రెండు కొండలమీద రెండు ఫిరంగులు ఉండే ఆటలుండేవి, కోణమూ వేగమూ అంకెల్లో కొట్టాలి, నవ్వు లేదు. ఇంగ్లండులో ఒక కుర్రవాడు ఇంట్లో కూర్చుని, వేరే ఆటలోని బొమ్మలు అరువు తెచ్చి, స్నేహితులతో ఆడుకోవడానికి తన ఆట తయారుచేశాడు. తర్వాత బొమ్మలు మార్చి పురుగుల్ని పెట్టాడు. ఒక పత్రిక పెట్టిన పోటీకి పంపితే గెలవలేదు. సంకన పెట్టుకుని ఒక ప్రదర్శనకు పోతే అక్కడ ఒక కంపెనీవాళ్లు ఆడి చూసి వదలలేదు. ఇక్కడికి వచ్చేసరికి చిన్నాయన ఆగి నా వైపు చూసేవాడు. "కట్టేవాళ్లు పారేసిన రాయే మూలరాయి అయింది," అనేవాడు. నేను అనబోయిన మాట ఆయనే అనేసేవాడు.

తర్వాతి భాగంలో పురుగులు బొమ్మల కథల్లోలాగా ముద్దుగా మారాయి. తాడు పట్టుకుని ఊగాయి. పేలే గొర్రె వచ్చింది, పేలే అరటిపండు వచ్చింది, నడిచిపోయి పేలే ముసలమ్మ వచ్చింది. శిలువ గుర్తున్న ఒక బాంబు కూడా ఉంది, పేలేముందు హల్లెలూయ అని పాడుతుంది. మొదటిసారి విని నా వెన్ను చల్లబడింది. ఆయన ఆయుధాల పెట్టె తెరిచి, నాతో ఆడే ఆటల్లో అది లేకుండా తీసేశాడు. మళ్లీ ఎన్నడూ నా ఎదుట అది పాడలేదు.

ఆ తర్వాత లోతు చూపిస్తామని ఆటను మూడు దిక్కులకూ తిప్పారు. ఏది దగ్గరో ఏది దూరమో తెలియక ఆడేవాళ్లు తికమకపడ్డారు. కొన్నేళ్లకు మళ్లీ అట్టలాంటి చదును దీవికే వచ్చారు. ఈమధ్య వంతులే లేకుండా అందరూ ఒకేసారి కాల్చుకునేది ఒకటి వచ్చిందని ఎవరో చూపిస్తే, చిన్నాయన మొహం తిప్పుకున్నాడు.

"వంతు లేకుంటే అది ఆట కాదు. పటాసు షెడ్డు," అన్నాడు. "అక్కడ ఎవురికీ వంతు రాదు."

మీకు ఒక మధ్యాహ్నం గురించి చెప్పాలి. ఆ పక్క ఒక యూనిట్‌లో నిప్పు అంటుకుందని వీధిలో మాట పుట్టింది. ఏ యూనిట్టో ఎవరికీ తెలియదు. నా భార్య ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు. అక్కడి మేస్త్రీ ఫోను ఎత్తడం లేదు. నేను ఎక్కడికి పరిగెత్తానో నాకే తెలియదు, తేలింది మాత్రం చిన్నాయన గదిలో. ఆయన తలుపు మూసి నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"వంతు నీది. ఆడు."

"సిన్నాయనా, ఇది ఆడే పొద్దా?"

"ఇది కూర్చునే పొద్దు. యాడికి పోతావు? రోడ్డుకు అడ్డం పెట్టి ఉంటారు. దగ్గిరికి రానీరు. నేను చూసినాను గదా."

ఆయన చేతిలో టీ గ్లాసు తొణుకుతోంది.

"నీకూ బయంగానే ఉంది," అన్నాను.

"ఉండాది. నాది పాతది, దారి తెలుసు, వచ్చి పోతుంది. నీది కొత్తది. దానికి దారి చూపించేదాకా నీ పక్కన ఉంటాను."

ఆడాను. గాలికి ఎదురు బాంబు విసిరి నా పురుగునే నీళ్లలో ముంచుకున్నాను. సాయంత్రం వీధి మలుపులో వ్యాను హారన్ మోగింది. నా భార్య దిగి, "మాది కాదు, పక్కది," అన్నది. పక్కది అన్న మాట ఎంత చిన్నది ప్రియులారా. ఆ పక్కదానికీ ఫోను పట్టుకుని కూర్చున్న ఇళ్లున్నాయి. ఆ ఆదివారం నాకు బోధించడానికి నోరు రాలేదు. విలాప వాక్యాలు చదివి కూర్చున్నాను.

ఆ నాటినుంచి మా ఇద్దరికీ ఒక అలవాటు. ఆదివారం ఆరాధన అయ్యాక నేను మెట్లెక్కుతాను, ఇద్దరం చెరొక వంతు ఆడతాం. ఆ ఆటకు ఒక గడియారం ఉంది, వంతు అయిపోతోందని అంకెలు దిగిపోతుంటాయి. అవి చూస్తే నాకు చెమటలు పట్టేవి. చిన్నాయన గడియారం ఆపేశాడు. వచ్చే ఆదివారానికి ఆట అక్కడే నిలిచి ఉండాలని, యంత్రం ఆర్పకుండా తెర మాత్రం ఆర్పి పోయేవాడు. కరెంటు పోయినా ఆగకుండా దానికొక్కదానికే పెద్ద బ్యాటరీ తగిలించాడు. పురుగులకు పేర్లు కూడా ఆయనే పెట్టాడు. ఆయన గుంపులో ఒకటి 'ముసలోడు'. నా గుంపులో ఒకటి 'ఉపదేశి', ఒకటి 'కోడలు', అంటే నా భార్య.

"ఆ పేరు తీసెయ్యి సిన్నాయనా. దాని మీద సమాధిరాయి లేస్తే నేను చూడలేను."

"తాయెత్తులు తెంపే ఉపదేశికి ఇదేమి బయం?"

"తీసెయ్యి."

"తియ్యను. పేరు ఉంటేనే నువ్వు చూసి ఆడతావు. ఆయమ్మను గట్టుమీద ఒంటిగా నిలబెట్టకుండా ఉంటావు."

అయినా చివరికి అలాగే జరిగింది. ఉపదేశి తన తప్పుకు తానే మునిగాడు. నా గుంపులో మిగిలింది గట్టు అంచున కోడలు. ఆయన గుంపులో మిగిలింది ఎదుటి మిట్టమీద ముసలోడు. ఆయన పోయేముందు ఆదివారం తన వంతులో గురి చూస్తుంటే నేను కళ్లు మూసుకున్నాను. గుండు ఆమె తలపైనుంచి పోయి దూరంగా నీళ్లలో పడింది. అంత దగ్గర ఆయన గురి తప్పడం నేను ఎన్నడూ చూడలేదు.

"గాలి," అన్నాడు. "వంతు నీది. తొందర లేదు."

నేను పేల్చితే ముసలోడు పోతాడు. గురి తప్పితే మళ్లీ ఆయన వంతు. నాకు చెయ్యి రాలేదు. వచ్చే వారం చూద్దామన్నాను. ఆయన తెర ఆర్పాడు.

సమాధి చేసి వచ్చిన మర్నాడు చిన్నమ్మ నన్ను ఆ గదికి తీసుకుపోయింది. గది ఖాళీ చేసి ఇవ్వాలి. అన్ని యంత్రాలూ చల్లగా ఉన్నాయి, ఆ మూలది తప్ప. తెర వెలిగించాను. గట్టుమీద కోడలు నిలబడి కళ్లార్పుతోంది. ఎదుట ముసలోడు అటూ ఇటూ చూస్తున్నాడు. వంతు నాది.

"ఆర్పెయ్యిరా," అన్నది చిన్నమ్మ.

నేను కదల్లేదు.

"ఆర్పితే నీ పెండ్లాము సచ్చిపోతుందా ఉపదేశీ?"

ఆమె వెటకారంగానే అన్నది. నాకు జవాబు తెలుసు. శకునాల గురించి, గుర్తుల గురించి వాక్యం ఏం చెబుతుందో ఈ జిల్లా అంతా తిరిగి చెప్పినవాణ్ణి. అయినా నా చెయ్యి మీట దగ్గరికి పోలేదు. పేల్చడానికీ పోలేదు. పోయినవాణ్ణి నేను మళ్లీ ఎలా పేల్చను? ఆయుధాల పెట్టె తెరిచాను. అందులో, అన్నిటికీ అడుగున, ఆయన నాకు ఎప్పుడో చూపించినది ఒకటుంది. వంతు వదిలెయ్యడం. అది నొక్కాను.

తెర మెల్లగా జరిగి ఎదుటి మిట్టమీదికి పోయింది. ముసలోడి తలమీద బాణం గుర్తు దిగింది.

"ఏం చేసినావు?"

"వంతు వదిలినాను."

"ఇప్పుడు ఎవురిది?"

"సిన్నాయనది."

చిన్నమ్మ కొంగుతో ఆ కీబోర్డు అంచులు మాత్రం తుడిచింది, ఒక్క మీట కూడా తగలకుండా. ఖాళీ చేసే మాట మళ్లీ ఎత్తలేదు. ఆ యంత్రాన్ని బ్యాటరీతో సహా, వెలుగుతున్నది వెలుగుతున్నట్టే, వాళ్ల ఇంటికి ఎలా మోయాలో మాట్లాడింది.

అప్పుడు కింద వ్యాను హారన్ మోగింది. నా భార్య మెట్లెక్కి వచ్చింది. గోళ్ల సందుల్లో ఇంకా వెండిరంగు మందు అంటుకుని ఉంది. తెరమీదికి వంగి చూసి, "నేనా అది? మామ నన్ను ఇంత లావుగా చూసినాడా?" అన్నది. చిన్నమ్మ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

ఇప్పుడు అది చిన్నమ్మ ఇంట్లో కిటికీ దగ్గర ఉంది. నేను రోజూ సాయంత్రం వ్యాను వచ్చేవేళకు ముందు పోయి దాని ఎదుట కూర్చుంటాను. కరెంటు పోతే బ్యాటరీ కూత పెడుతుంది, నా గుండె దానితో కూత పెడుతుంది. మళ్లీ వస్తుంది. గట్టు అంచున కోడలు నిలబడే ఉంది. ముసలోడి తలమీద బాణం పైకీ కిందికీ ఆడుతూనే ఉంది. ఎదురుగా గడియారం లేదు. ఆయన ఇంకా పేల్చలేదు.