దూకుతానన్నానా, దిగుతానన్నానా

అరవై అడుగుల నీళ్ల ట్యాంకు కొసన నిలబడి జేసీబీని, దాని వెనకున్న ప్రభుత్వాన్ని రెండు గంటలపాటు కదలకుండా ఆపిన మనిషిని నేను. సారపాకలో ఏ హోటల్లో అడిగినా ఈ మాట చెబుతారు. చెప్పకపోతే నేనే పోయి చెబుతాను. పైనుంచి గోదారి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా కనిపించింది. కింద అధికారులు చేతులు జోడించి నిలబడ్డారు. ఒకాయనైతే ఏడ్చాడు కూడా.

సంగతేమిటంటే, భద్రాచలం పోయే రోడ్డు పక్కన మా ఆవిడకో టిఫిన్ డబ్బా, అంటే రేకుల బడ్డీకొట్టు, ఉంది. పేపరు మిల్లుకు వచ్చే వెదురు లారీలు దింపడం మానేసి నేను ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి మా ఇల్లు గడిచేది ఆ డబ్బా మీదే. రోడ్డు వెడల్పు చేస్తున్నాం, తీసేయండని రెండుసార్లు నోటీసు ఇచ్చారు. అందులో ఒకదానిలో నేను బజ్జీలు పెట్టుకుని తిన్నాను. మూడోసారి కాయితం రాలేదు, జేసీబీయే వచ్చింది. దాని ముందు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు.

మా డబ్బాకు ఆనుకుని వెల్డింగ్ షాపు. ఆ భాయ్ పొద్దున్నే పేపరు చదివి, మిగతా రోజంతా దాన్ని మాకు వడ్డిస్తుంటాడు. కొత్త చట్టాలు వచ్చిన కొత్తలో ఆయనే చెప్పాడు, ఆత్మహత్యకు యత్నించిన వాళ్ల మీద పెట్టే మూడొందల తొమ్మిదో సెక్షను ఎత్తేశారని. మా కాలం వాళ్లకు సెక్షన్లంటే చుట్టాల కింద లెక్క. నాలుగొందల ఇరవై ఎవరో, మూడొందల రెండు ఎవరో నడక చూసి చెప్పగలం. మూడొందల తొమ్మిది పోయిందంటే, ట్యాంకెక్కి బెదిరించినా ఇక అడిగే నాథుడు లేడని నేను ఖాయం చేసుకున్నాను. ఆ వార్త కింది సగంలో ఏముందో భాయ్ చదవలేదు, నేను అడగలేదు.

కాబట్టి జేసీబీ కనపడగానే పంచె ఎగ్గట్టి, పళ్ల సెట్టు ఇంట్లో గ్లాసులోనే ఉందన్న సంగతి కూడా మరిచి, పంచాయతీ ట్యాంకు నిచ్చెన పట్టుకున్నాను.

ఇక్కడ కొంచెం తగ్గించుకోవాలి. కొసకు పోలేదు. పదకొండు మెట్లు ఎక్కాను. అదీ నేను లెక్కపెట్టింది కాదు, భాయ్ లెక్క. పదకొండో మెట్టు మీంచి గోదారి కనిపించదు. వెల్డింగ్ షాపు రేకులు, వాటి మీద ఎవరో విసిరేసిన కొబ్బరిచిప్ప కనపడతాయి. రెండు గంటలు కూడా కాదు, ఇరవై నిమిషాలుంటుందేమో. అందులో సగం కళ్లు మూసుకునే ఉన్నాను. ఇక ఏడ్చిన అధికారి సంగతి. మా ఆవిడ పొయ్యి మీద తాలింపు వదిలేసి నిచ్చెన దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఎండుమిర్చి మాడిన ఘాటు గాలికి తిరిగి ఇన్‌స్పెక్టరు కళ్లలో పడింది. అంతే. జేసీబీ ఆగిన మాట మాత్రం నిజం. నన్ను వీడియో తీసుకోవడానికి డ్రైవరు ఇంజను ఆపేశాడు.

డబ్బాను కాపాడింది కూడా నేనని చెప్పుకుంటూ వచ్చాను గానీ, అదీ కాదు. భాయ్ నా పాదాలు ఒక్కొక్క మెట్టు మీద పెట్టిస్తూ దింపుతుంటే, మా ఆవిడ ఇన్‌స్పెక్టరుతో మాట్లాడి, డబ్బాను పది అడుగులు వెనక్కి జరుపుకోవడానికి వారం గడువు తెచ్చుకుంది.

అయితే ఈలోపు హెడ్ కానిస్టేబులు వచ్చాడు. నన్ను ఆటో ఎక్కించాడు. వెనకే మా ఆవిడ, భాయ్ కూడా ఎక్కారు. దారి పొడుగునా నేను దర్జాగానే కూర్చున్నాను. మూడొందల తొమ్మిది లేదు కదా.

స్టేషన్లో హెడ్డు నాకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఏ ధైర్యంతో ఎక్కావని అడిగాడు. సెక్షను తీసేశారు కదా అన్నాను.

"అది పోయింది తాతా. రెండొందల ఇరవయ్యారు వచ్చింది."

తర్వాత నిదానంగా విడమరిచాడు. బతుకు మీద విరక్తి పుట్టి ప్రాణం తీసుకోబోయిన మనిషిని శిక్షించడం కాదు, ఆదుకోవాలన్నది ఇప్పటి పద్ధతి. కానీ అధికారి చేత ఒక పని చేయించడానికో, చేస్తున్న పని మాన్పించడానికో ఆ యత్నం చేస్తే మాత్రం ఏడాది దాకా జైలు, లేదంటే జరిమానా, లేదా రెండూ, అదీ కాకపోతే కమ్యూనిటీ సర్వీసు. చివరిది నాకు నచ్చింది. సర్వీసంటే పింఛను కూడా ఉంటుందా అని అడిగాను. హెడ్డు నవ్వాడు, అంతలోనే ఆపేశాడు.

"సస్తనన్న మాట ఉత్తగ అనేది కాదు తాతా. నిజంగనే అనుకొని, ఎవ్వరికీ చెప్పకుండ పోయినోళ్లున్నరు. వాళ్ల ఇండ్లకు కబురు మోసింది నేనే."

నేను గ్లాసు కింద పెట్టేశాను.

అప్పుడు అసలు పేచీ వచ్చింది. నేను మెట్ల మీంచి 'దూకుతా' అని అరిచానని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఫిర్యాదు. కాదు, 'దిగుతా' అన్నానని భాయ్ సాక్ష్యం. పళ్లు లేని నోట్లో ఆ రెండూ ఒకటే మాట. పదకొండు మెట్లు యత్నం కిందికి వస్తాయో రావో కోర్టు తేల్చుకుంటుంది, తనకు ఆ ఒక్క మాట కావాలని హెడ్డు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. దూకుతా అయితే కేసు, దిగుతా అయితే ఇల్లు. కేసంటే వాయిదా వాయిదాకూ కోర్టుకు పోవాలి. ఒంటరిగా బస్సెక్కలేను గనుక మా ఆవిడ నా వెంట తిరగాలి. వారం గడువిచ్చిన డబ్బా జరిపే వాళ్లు లేక పోతుంది.

ఇంత తెలిసీ నా నాలుక ఊరుకోలేదు. దిగుతానన్నానని రాయించుకుంటే రేపు హోటల్లో ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి? "సారూ, నేనన్నదేందంటే, సర్కారు దిగొచ్చేదాక..." అని మొదలుపెట్టాను.

మా ఆవిడ నా భుజం మీద చెయ్యేసి కుర్చీలోకి నొక్కింది.

"నువ్వు సప్పుడు చెయ్యకు. సారూ, రాస్కో. దూకుతా అన్లే, దిగుతా అన్లే. నిచ్చెన కింద నిలబడ్డది నేను. 'గట్టిగ పట్టుకోవే, పడతా' అన్నడు. ఎక్కేముందేమో చెప్పులు నా చేతిల పెట్టి, కుక్క ఎత్తుకపోతది, పైలం అన్నడు. చెప్పులకు కావలి పెట్టి సావబోయేటోన్ని నువ్వేడన్న చూసినవా?"