సాబిరా మేడం కండ్ల డాక్టరు కాదు

నిన్న పొద్దున కరీంనగర్‌లో కళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. దగ్గరి అక్షరాలు కనిపించడం మానేసి చాలా రోజులైంది. కళ్ళలో చుక్కలు వేసి కాసేపు మూసుకుని కూర్చోమన్నారు. మంట తగ్గింది కానీ మందు చేదు మెల్లగా గొంతులోకి దిగింది. ఆ చేదుకి నాకు నవ్వొచ్చింది. పక్కనే కూర్చున్న మా అమ్మాయి స్రవంతి ఎందుకు నవ్వుతున్నావని అడిగింది. సాబిరా మేడం యాదికొచ్చిందని చెప్పాను. "ఆమెనా? మీ కండ్ల డాక్టరమ్మ," అంది మామూలుగా. నా నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

సాబిరా మేడం కళ్ళ డాక్టరు కాదు. ఆదిలాబాద్ వైపు ఒక సర్కారు దవాఖానలో సుఖవ్యాధుల డాక్టరు. ఆ పేరు వింటేనే ఆమెకు ఒళ్ళు మండేది. ఇందులో సుఖం ఏడున్నదో పేరు పెట్టినోన్ని పట్టుకొచ్చి చూపించమనేది. పత్తి వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన మనిషి. తెలుగు, దక్కనీ, మరాఠీ మూడూ కలిపి ఒకే ఊపిరిలో తిట్టగలదు. పొట్టిగా ఉండేది, నడక మాత్రం పరుగే. తెల్లకోటు జేబులో ఎప్పుడూ ఒక చిన్న టార్చి ఉండేది. ఆ టార్చి సంగతి చెప్పాలంటే ముందు ఆ వరండా సంగతి చెప్పాలి.

ఆమె గది వరండా చివర ఉండేది. దాని పక్క గది కళ్ళ పరీక్షది. మేడం గది ముందు రెండు బెంచీలు ఎప్పుడూ ఖాళీ. కళ్ళ గది ముందు మాత్రం జాతర. నిక్షేపంగా చూపున్నవాళ్ళంతా ఒక కంటికి దస్తీ అడ్డం పెట్టుకుని ఆ లైనులో కూర్చునేవాళ్ళు. ఎవరూ చూడనప్పుడు లేచి పక్క గదిలోకి జారుకోవాలని వాళ్ళ ఆలోచన. కానీ ఎవరో ఒకరు చూడకుండా ఉండే వరండా ఏ దవాఖానలో ఉంటుంది? చివరికి వాళ్ళ వంతు వచ్చేది, గోడ మీది అక్షరాలు చదివేవాళ్ళు, చుక్కల మందు తీసుకుని, అసలు బాధ అట్లాగే పెట్టుకుని ఇంటికి పోయేవాళ్ళు. మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టడమంటే నేను కళ్ళారా చూసింది అక్కడే. పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అప్పుడు నాకు కొత్తగా పెళ్ళయింది. మా ఆయన రాజలింగు భైంసా నుంచి జిన్నింగ్ మిల్లులకు పత్తి లారీ నడిపేవాడు. కడుపుతో ఉన్నానని పరీక్షకు వెళ్తే రక్తం తీశారు. మరుసటి వారం నర్సమ్మ గొంతు తగ్గించి, రక్తంలో ఏదో ఉందట, వరండా చివరి గదికి పొమ్మంది. ఆ గది మీది బోర్డు చదివాను. వెళ్ళి కళ్ళ లైనులో కూర్చున్నాను. నా వంతు వచ్చింది. అక్షరాలన్నీ తప్పు లేకుండా చదివాను. ఏ బాధా లేదా అని అడిగితే మంట అన్నాను. చుక్కలు వేశారు. మంట అప్పుడు మొదలైంది. కళ్ళు తుడుచుకుంటూ బయటికి వస్తుంటే తెల్లకోటు ఒకటి అడ్డం వచ్చింది, నర్సమ్మ చెప్పిందేమో, సాబిరా మేడం. నా ముఖం మీద టార్చి వేసి, లైనులో అందరికీ వినపడేలా, "ఈ పిల్ల కన్ను నేను సుత జర చూస్త," అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

తలుపు వేశాక ఆ గొంతే మారిపోయింది. "తలుపుకు అవతల ఎన్ని అబద్ధాలన్న ఆడుకో బిడ్డా, నేను సుత కలుస్త. లోపలికొచ్చినంక ఒక్కటి సుత ఆడొద్దు. ఆడితే మందు పనిచెయ్యది." ఆ తర్వాత ఏం జరుగుతుందోనని భయపడ్డాను కానీ, ముందు జరిగిందంతా మాట్లాడటమే. ఎక్కడైనా పుండు లేచిందా, నొప్పి లేకుండానే మానిందా, అరచేతుల్లో మచ్చలు వచ్చాయా అని ఒక్కొక్కటే అడిగింది, వంటింట్లో ఉప్పు ఎంత వేశావని అడిగినట్టు. తెర చాటున నర్సమ్మను పక్కన నిలబెట్టుకుని చూసింది. చెయ్యి వేసే ముందు ప్రతిసారీ వేస్తున్నానని చెప్పింది. మళ్ళీ రక్తం తీసింది. ఇది సిఫిలిస్ అనీ, సూదితో పూర్తిగా నయమవుతుందనీ, ఆలస్యం చేస్తే కడుపులో పిల్లకు అంటుకుంటుందనీ చెప్పింది. ఇంతేనా, దీనికేనా నేను కళ్ళు బాగాలేనిదానిలా నటించానని నా మీద నాకే విసుగొచ్చింది.

ఆ తెర గురించి ఒక మాట. ఒకసారి ఎవరో పెద్దమనిషి దవాఖాన చూడ్డానికి వస్తున్నాడని, మేడం గదిలోని పచ్చ తెరను తీసుకెళ్ళి మీటింగు గదిలో బల్ల మీద పరిచారు. మేడం తిన్నగా ఆ గదిలోకి నడిచి, బల్ల మీది చాయ్ కప్పులు ఒక్కొక్కటే పక్కన పెట్టి, తెర మడిచి చంకలో పెట్టుకుని వచ్చేసింది. లోపల ఒక ఆడమనిషి పరీక్ష బల్ల మీద పడుకుని ఉందని, ఆమె మానం కన్నా మీ బిస్కెట్లు ఎక్కువా అని అడిగిందట. పెద్దమనిషి ఏమన్నాడో తెలియదు. తెర మాత్రం మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు.

నా మొదటి సూది అయిపోయింది. అసలు పరేషాన్ అప్పుడు మొదలైంది. ఆయనకూ సూది పడకపోతే నాకు నయమైనా మళ్ళీ వస్తుందని, పిల్లకు ముప్పు తప్పదని మేడం చెప్పింది. ఇంటికెళ్ళి చెప్తే రాజలింగు అంతెత్తున లేచాడు. "నాకేమైంది? ఎప్పుడో ఒక పుండైతే ఉండె, అదే మానింది. నేను ఆ రూం ముందట కూసుంటే లారోళ్ళు నా మొకం మీద నవ్వరా?" అన్నాడు. బతిమాలాను, ఏడ్చాను, అన్నం పెట్టడం మానేశాను. హోటల్లో తిని వచ్చాడు. రోజులు గడుస్తున్నాయి, కడుపు పెరుగుతోంది, ఆయన మీసం మాత్రం దిగడం లేదు. మేడంకి చెప్తే తల పట్టుకుంది. "మగోళ్ళకు పుండుకన్న పరువే ఎక్కువ సలుపుతది," అని తిట్టి, ఆయన నడిపేది లారీయే కదా అని అడిగింది. డ్రైవరు కళ్ళు చూపించుకోవడానికి వస్తే ఎవరూ నవ్వరంది. లోపల మాత్రం తాను ఉన్నదున్నట్టే చెప్తుందట, మోసం చేసి సూది వెయ్యదట.

ఆ మాటే ఆయనకు చెప్పాను. వరండాలో కూర్చునేది కళ్ళ కోసం, లోపల ఏముందో నీకు తెలుసు అన్నాను. మూడో రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. కళ్ళ లైనులో దస్తీ పట్టుకుని కూర్చున్న మనిషి ముఖం మీద మేడం టార్చి వేసింది. నన్ను బయటే ఉండమని ఆయన్ని లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది. నేను ఆ తలుపునే చూస్తూ కూర్చున్నాను. ఆయన మధ్యలో లేచి వచ్చేస్తే నా బిడ్డ గతి ఏమిటన్నదే నా ఫికర్. లోపల ఆమె ఏం చెప్పిందో నేను ఎప్పుడూ అడగలేదు, ఆయన చెప్పలేదు. చాలాసేపటికి నడుము పట్టుకుని కుంటుతూ బయటికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే కళ్ళ గదిలోంచి ఆయన పేరు పిలిచారు. మొహమాటానికి లోపలికి పోయాడు. గోడ మీద పై వరస తప్ప కింద ఒక్క అక్షరం చదవలేకపోయాడు. ఆ కళ్ళతోనే ఇన్నాళ్ళూ భైంసా నుంచి లారీ నడిపాడు! అద్దాలు రాసిచ్చారు. మేడం విని, కళ్ళ లైనులోంచి తన గదికి వచ్చినవాళ్ళలో నిజంగా కళ్ళు బాగలేనివాడు ఇతనొక్కడేనని నవ్వింది.

అంతమాత్రాన నా కడుపుమంట చల్లారలేదు. ఈ రోగం నా దాకా ఎట్లా వచ్చిందో తెలియనంత అమాయకురాలిని కాదు. ఆయన్ని వదిలేసి మా అవ్వ దగ్గరికి పోతానని మేడం ముందు ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "కోపం ఉంచుకో, అది నీది. పోవుడా ఉండుడా నీ ఇష్టం. సూదులు మాత్రం ఆపకు," అంది. ఆపలేదు, ఆయనా ఆపలేదు. స్రవంతి పుట్టగానే రక్తం పరీక్ష చేయించి, ఏమీ లేదని తేలాక, మేడం పిల్లను ఎత్తుకుని దాని కళ్ళలో టార్చి వెయ్యబోయి నాలుక కరుచుకుంది. నా కోపం ఇంకా చాలా ఏళ్ళు ఉంది. ఉంచుకున్నాను.

పిల్ల బడికి పోయే వయసు వచ్చాక, మేడం నన్ను డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్నావేమని తిట్టి, తన దగ్గరే కౌన్సెలర్‌గా దరఖాస్తు పెట్టించింది. ఆమె నేర్పిన పనే ఇప్పుడు కరీంనగర్‌లో చేస్తున్నాను. కాలం మారిందంటారు. ఏం మారింది? అందరి చేతిలో ఫోనుంది, అందులో లోకమంతా ఉంది. అయినా గోడ మీద రాతలు చూసి లాడ్జిలో చూర్ణాలిచ్చేవాడి దగ్గరికి పోతారు. రోగం ముదిరాక మా దగ్గరికి వచ్చి, తలుపు వేసిన గదిలో నా ఎదురుగా కూర్చుని, ఈ బాధ మా దోస్తుది అంటారు. ఆ దోస్తు ఎవడో గానీ జిల్లాలో రోగాలన్నీ వాడికే.

మేడం పోయి కొన్నేళ్ళయింది. ఆ రోజు రాజలింగు ఇంటి ముందు నిలబడి, మా కండ్ల డాక్టరమ్మ పోయిందని వాడకట్టంతా చెప్పాడు. నేను కాదనలేదు. రోజంతా జనానికి దాచకండని చెప్పి గొంతు నొప్పి పుట్టించుకునేదాన్ని, మా ఇంట్లో ఆమెను ఇరవయ్యేళ్ళుగా కళ్ళ డాక్టరుగానే ఉంచాను. స్రవంతి ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. దానికి కూడా అసలు సంగతి చెప్పలేదు.

నిన్న మధ్యాహ్నం ఇంటికి వచ్చాక, మసక కళ్ళతో మంచం మీద కూర్చున్నాను. స్రవంతి వదల్లేదు. "నువ్వు పనిజేసేది సుఖవ్యాధుల క్లినిక్‌ల గదా. మరి నీకు పని నేర్పింది కండ్ల డాక్టరెట్లయితది?" అని అడిగింది. ఎదురుగా పేపరు చదువుతున్న రాజలింగు తలెత్తాడు. నేను ఏదో ఒకటి కల్పించి చెప్పబోయాను.

ఆయన లేచి వీధి తలుపు వేసి వచ్చాడు. అద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకుంటూ కూతురి పక్కన కూర్చున్నాడు.

"తలుపు ఏసినంక అబద్ధం ఆడొద్దని ఆమె నాకు సుత చెప్పింది," అన్నాడు నాతో. తర్వాత స్రవంతి వైపు తిరిగి, "మొదలు నేను చెప్త బిడ్డా. తప్పు నాది," అన్నాడు.