ముక్కెరవ్వ చెప్పిన మాట

కాశీరాం ఇల్లు కదిలేటప్పుడు ఎవరికీ చెప్పి పోడు. గర్వమనుకునేరు, కాదు. చెప్పడానికి లోపల ఎవరూ లేరు. పెళ్లాం సక్కుబాయి పోయి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి తలుపు లాగడం, గొళ్లెం పెట్టడం, తల వంచుకుని నడవడం, ఇంతే. బాన్సువాడలో వాళ్ల గల్లీ నిండా బీడీలు చుట్టే ఆడవాళ్లే. ఒళ్లో చాట పెట్టుకుని అరుగు మీద కూర్చునే లచ్చవ్వ రోజూ ఎటు పోతున్నావని అడుగుతుంది. ఈయన చెయ్యి ఊపి పోతాడు.

అట్లాగని మాట రాని మనిషా? రామ రామ! తోలుబొమ్మలు ఆడించిన మనిషి. తెర వెనక కూర్చున్నాడంటే రాజూ ఆయనే, రాక్షసుడూ ఆయనే, రాజుగారి గుర్రమూ ఆయనే. జుక్కల్ నుంచి వర్ని దాకా ఆయన గొంతు ఎరగని ఊరు లేదు. కాని జనం నిద్ర ఆపుకుని కూర్చునేది రాజుల కోసం కాదు, బొర్రన్న కోసం, ముక్కెరవ్వ కోసం. బొర్రన్న పొట్ట ఊపుకుంటూ కల్లు తాగి ఇంటికొస్తాడు. చక్రమంత ముక్కెర పెట్టుకున్న ఆయన పెళ్లాం చీపురు తిరగేస్తుంది. బొర్రన్నకి గొంతు కాశీరాంది, ముక్కెరవ్వకి సక్కుబాయిది. ముక్కులోంచి సన్నగా, తీగ లాగినట్టు వచ్చేదా గొంతు. ఇంట్లో మొగుడిని అనలేని మాటలన్నీ ఆ మహాతల్లి తెర మీద అనేది. పొద్దున ఈయన జొన్నలు తేవడం మరిచిపోయాడన్న సంగతి ఆ రాత్రికి రుద్రూరు రుద్రూరంతా తెలిసిపోయేది. తెర వెనక ఇద్దరూ నవ్వాపుకోలేక చచ్చేవాళ్లు.

డెబ్బై అయిదో సంవత్సరం వానల్లో సక్కుబాయికి చలిజ్వరం పట్టింది. దవాఖానకు తీసుకుపోయిన మూడో రోజు మనిషి దక్కలేదు. ఆ తర్వాత ఒక్కసారి, వర్నిలో, ముక్కెరవ్వకు కాశీరామే గొంతిచ్చాడు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె, "గీమె మా ముక్కెరవ్వ కాదు" అన్నది. మెల్లగానే అన్నది. అయినా ఆ మాట పోయి ఆయన గుండెలో దిగబడింది. ముక్కెరవ్వ పెట్టె అడుక్కి పోయింది. ఆటలూ తగ్గాయి. టాకీసు వచ్చాక తోలుబొమ్మలను అడిగేదెవరు?

అట్లా ఉండగా డెబ్బై తొమ్మిది ఆశ్వయుజంలో మలేరియా ఆఫీసు భద్రయ్య వెతుక్కుంటూ వచ్చాడు. దోమల మీద ఆట కట్టి పన్నెండు ఊళ్లలో ఆడించాలట, సోమవారం రుద్రూరులో మొదలట. కాశీరాం క్షణం ఆలోచించలేదు. సక్కుబాయిని మింగింది ఆ దోమే కదా! వారం తిరగకుండా డాక్టరును చేశాడు, నర్సును చేశాడు, పిల్లి అంత దోమను చేశాడు.

చిక్కు అక్కడే వచ్చింది. కాశీరాం ఇంటి ఆనవాయితీ ప్రకారం పాత బొమ్మలూ కొత్త బొమ్మలూ ఒక్క పెట్టెలో ఉండకూడదు. పాతవాటిని మంజీరలో సాగనంపాలి. ఊరికే విసిరేయడం కాదు. ఒక్కో బొమ్మ తన గొంతుతో తానే సెలవు తీసుకోవాలి. మనుషులం గడప దాటేటప్పుడు 'పోతున్న' అంటే పెద్దలు మూతి మీద కొడతారు, 'పోయొస్త' అనాలి. ఏటికి పోయే బొమ్మ మాత్రం 'పోతున్న' అనే అనాలి. పోయొస్తనన్నదా, వస్తానని మాటిచ్చినట్టే. దాన్ని నీళ్లలో వదలకూడదు, రెండోసారి అడగనూ కూడదు. కాశీరాం తండ్రి ఒక గుర్రం చేత కూడా, ముందు సకిలించి మరీ, ఆ మాట చెప్పించాడు.

మరి ముక్కెరవ్వకు ఎవరు చెప్పాలి? గొంతు గలది నాలుగేళ్ల కిందటే పోయె. ఆమె గొంతు రాకపోతే ముక్కెరవ్వ సెలవు లేకుండా అనాథలాగా పోవాలి. ఆ దిగులుతో రెండు రోజులు కాశీరాంకు బువ్వ సయించలేదు.

ఆదివారం పొద్దున కిరాయి సైకిల్ వెనక పెట్టె కట్టుకుని మంజీర ఒడ్డుకు పోయాడు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఒక్కో బొమ్మ నడుముకున్న వెదురు బద్ద విప్పి, దాని గొంతుతో మాట చెప్పించి వదిలాడు. రాజు గంభీరంగా పోయాడు. రాక్షసుడు ఉరిమి పోయాడు. బొర్రన్న ఎక్కిళ్లు పెట్టుకుంటూ "పోతున్న" అన్నాడు. పొట్ట తడవనివ్వనన్నట్టు కాసేపు తేలి, తర్వాత మునిగాడు. కాశీరాంకు నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది.

చివరికి ముక్కెరవ్వ మిగిలింది. నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ తెరిచాడు. అప్పుడు కళ్లు మూసుకుని, దవాఖానలో మంచం మీది మనిషిని తలుచుకున్నాడు. ఆ రోజు సక్కుబాయి ఏమీ చెప్పకుండానే పోయింది. ఆయనకు ఇన్నేళ్లూ ఉన్న బాధ అదే.

ముక్కులోంచి సన్నగా, తీగ లాగినట్టు గొంతు వచ్చింది. అచ్చం ఆమెదే.

"పోయొస్త."

కాశీరాం నీళ్లలో అట్లాగే నిలబడిపోయాడు. ఇదేం తప్పు! నాలుక అలవాటు కొద్దీ తిరిగిందా, లేక ఆమే తిప్పిందా? చుట్టూ బర్రెలు తప్ప విన్న నరప్రాణి లేదు. ఆ మాటను గుటుక్కున మింగేసి బొమ్మను వదిలేస్తే అడిగేవాడు లేడు. కాని ఆయన చేతులు ఆ తోలు బొమ్మను విడవలేదు. గుండెలకు అదుముకుని, ముసలితనంలో సిగ్గు లేకుండా, పిల్లవాడిలాగా ఏడ్చాడు. ఆ ఏడుపులో సంతోషమే ఎక్కువ ఉంది.

కొత్త పెట్టెలో ఆమెకు చోటు లేదు. ఇంటికి తెచ్చి, సక్కుబాయి చీర వేలాడిన చిలక్కొయ్యకు తగిలించాడు.

సోమవారం డాక్టరును, నర్సును, దోమను పెట్టెలో పెట్టి భుజానికెత్తాడు. గడప దగ్గరికి వచ్చి ఆగి, వెనక్కి తిరిగాడు.

"పోయొస్త," అన్నాడు.

అరుగు మీద లచ్చవ్వ చేతిలో బీడీ ఆగిపోయింది.

"ఎవ్వలకు చెప్తున్నవ్ కాశన్నా? ఇంట్ల ఎవ్వలున్నరు?"

"ఉన్నదిలే," అన్నాడు కాశీరాం. తలుపు దగ్గరికి వేశాడు గాని, గొళ్లెం పెట్టలేదు.