మా వదిన తుంటి, నా కాలు

ఈ బరువును ఎన్నేళ్ళుగా మోస్తున్నానో లెక్కపెట్టుకోవాలంటేనే నాకు భయం. తెలంగాణ రాకముందు నుంచి మోస్తున్నాను. అంటే రాష్ట్రం వయసు కంటే నా అబద్ధం వయసు ఎక్కువ. నిన్న మధ్యాహ్నం దాన్ని దించేశాను. దించినప్పటి నుంచి నా కాలు ఒక చోట నిలవడం లేదు. అన్నం సయించడం లేదు. జరిగిందంతా మొదటి నుంచీ ఎవరికైనా చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మంచిది. కూర్చోండి.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను, అంటే తల కాకుండా ముందు కాళ్ళు బయటికి వచ్చాయి. మా నల్లగొండ ఊళ్ళలో దానికొక విలువ ఉంది. నడుము పట్టేసినవాళ్ళను బోర్లా పడుకోబెట్టి, నాలాంటి వాళ్ళతో తొక్కిస్తే పట్టు విడుస్తుందని నమ్మకం. పెళ్ళయి దిల్‌సుఖ్‌నగర్ పక్కన కొత్తపేటలో కిరాయికి దిగినా ఆ పేరు నా వెంటే వచ్చింది. బస్తాలెత్తిన హమాలీలు, బిందెలెత్తిన ఆడవాళ్ళు పొద్దున్నే మా గడపలో ఉండేవాళ్ళు. నేను పొంగిపోయేదాన్ని. నా కాలు తగిలి పట్టు విడిచేదా, నాలుగు రోజులకు దానంతటదే పోయేదా? ఇప్పుడడిగితే చెప్పలేను. అప్పుడడిగితే తగువుకు వచ్చేదాన్ని.

అయితే మా నాయనమ్మ ఒక కట్టడి పెట్టింది. బరువెత్తి పట్టేసినవాళ్ళనే తొక్కాలి. కింద పడ్డవాళ్ళను ముట్టుకోకూడదు, లోపల బొక్క విరిగి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. స్కూటర్ మీద నుంచి పడి వచ్చిన ఒకాయనను నేను గుమ్మంలోనే ఆపి దవాఖానకు పంపేశాను కూడా. అప్పుడు ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆ కట్టడి సంగతి నేనెవరికీ చెప్పనూ లేదు. కానీ నాకు తెలుసు. ఎంత తెలుసో మీకు ఇప్పుడే చెప్పేయడం మంచిది.

ఇక ఉద్యమం. అబ్బ, ఆ రోజులు! బంద్‌లు, రాస్తారోకోలు, నడిరోడ్డు మీద వంటావార్పులు. నలుగురిలో గొంతెత్తి ఎరగని నేను ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సుల ముందు బైఠాయించి నినాదం ఇస్తే, వెనక జనమంతా అందుకునేవాళ్ళు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు ఝల్లుమంటుంది. మా గల్లీ ఆడవాళ్ళకు లీడర్ని నేనే. కానీ జనం ఆగి చూసేది నన్ను కాదు, మా వదినను. వదినంటే మా ఆయన అక్క. భర్త పోయాక మా దగ్గరే ఉండి బట్టలు కుట్టుకునేది. ఆమె బతుకమ్మ పాట ఎత్తుకుంటే బందోబస్తు పోలీసులు కూడా లాఠీలు చంకన పెట్టుకుని నిలబడిపోయేవాళ్ళు.

ఎల్బీనగర్‌లో ఒక బంద్ నాడు పెద్ద వంటావార్పు పెట్టుకున్నాం. మా గల్లీ వాళ్ళం చౌరస్తాలో బతుకమ్మ ఆడాలి, వదిన పాడాలి. సరిగ్గా ఆ పొద్దున వదిన బాత్రూంలో జారిపడింది. పట్టి లేపి మంచం మీద పడుకోబెట్టాం. గజ్జల్లో ఒకటే నొప్పి అంది. కాలు మోపలేకపోయింది. పడుకున్న చోటే కాలెత్తమంటే ఎత్తలేకపోయింది. పాదం బయటి వైపుకు వాలిపోయి ఉంది. అన్నీ నా కళ్ళతో చూశాను.

పక్క వాటాలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ టీచరమ్మ ఉండేది. పరుగున వచ్చి చూసింది. "తుంటి ఎముకేమోనండీ, కదపకండి. బందైనా అంబులెన్సుని ఎవరూ ఆపరు, ముందు ఎక్స్‌రే తీయించండి" అంది. అంతకన్నా మంచి మాట ఆ రోజు ఇంకెవరూ చెప్పలేదు. నేనేమన్నానో తెలుసా? "మా వదిన పాడొద్దు, గదే గదా మీకు గావల్సింది?" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. వెళ్ళి తలుపేసుకుంది. ఆవిడ ఆంధ్రా మనిషి కాకపోతే వినేదాన్నా? వినేదాన్ననే చాలాకాలం అనుకున్నాను. అది కూడా నాకు నేను చెప్పుకున్న సాకేమో. వదిన రాకపోతే మా గల్లీని చౌరస్తాలో ఎవరు చూస్తారు, నన్నెవరు చూస్తారు? నా బుర్రలో తిరిగింది అదొక్కటే.

దవాఖానకు పోదామా అని వదిన రెండు మూడు సార్లు అడిగింది. నరం పట్టిందంతే అన్నాను. బోర్లా తిప్పి కాలు పెట్టాను. ఆమె దిండు కొరుక్కుంది. నాయనమ్మ మాట గుర్తుకు రాలేదని అనుకుంటున్నారా? వచ్చింది. వస్తుండగానే తొక్కాను.

నొప్పి బిళ్ళలు మింగించి, కుర్చీతో సహా ట్రాలీ ఆటో ఎక్కించాం. ఏం చెప్పమంటారు, ఆ పాట! నొప్పికో ఏమో గొంతు ఎన్నడూ లేనంత పైకి లేచింది. చౌరస్తా అంతా చప్పట్లు కొట్టింది. నేను గాలిలో తేలిపోయాను. ఆ సంతోషం అబద్ధం అని ఇప్పుడు కూడా అనలేను, అదే నా సిగ్గు. అన్నాలకు ఆమెను కిందికి దింపుతుంటే కాలు నేలకు తగిలి కేక పెట్టింది. ఆ కేకకు పొయ్యిల దగ్గరి వాళ్ళంతా లేచి నిలబడ్డారు. చూస్తే కాలు పొట్టిగా అయిపోయి ఉంది.

దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. పడగానే తెస్తే ఎముక జరగకముందే స్క్రూలు వేసేవాళ్ళమేమో, ఇప్పుడు పూర్తిగా పక్కకు జరిగిపోయింది అన్నాడు. సంగతంతా విని మండిపడ్డాడు.

"పడ్డ మనిషిని తొక్కుతారా ఎవరైనా? ఎవరమ్మా తొక్కింది?"

నేను నోరు తెరిచేలోపే స్ట్రెచర్ మీద నుంచి వదిన అందుకుంది. "గా పిల్లనేమనకు సారూ. దానికేం ఎరుక? మంచికే చేసింది."

డాక్టరు నా వైపు తిరిగాడు. "నీకు తెలియదా?"

"తెల్వదు సార్" అన్నాను.

ఆ ఒక్క మాట. దాని మీదే ఇన్నేళ్ళు బతికాను. వదినకు తుంటిలో విరిగిన ఎముక తల తీసేసి, దాని చోట లోహపు గుండు వేశారు. ఆ పైన చీము పట్టి మళ్ళీ కోశారు. కాలు కురచ పడింది, కుంటు మిగిలిపోయింది. రాష్ట్రం వచ్చిన నాడు గల్లీ అంతా తెల్లవార్లూ ఆడితే ఆమె కుర్చీలో కూర్చుని చూసింది. మా ఆయన నన్ను తిట్టినప్పుడల్లా నా వైపు నిలబడి తమ్ముడితో కొట్లాడింది, నెలల తరబడి మాట మానేసింది. నేను తొక్కడం మానేశాను. తెలియక చేసిన తప్పుకే ఎంత కుమిలిపోతోందో అని చుట్టాలు మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా పుచ్చుకున్నాను! ఆమెకు స్నానం చేయించాను, జడ వేశాను, నీళ్ళు అందించాను. అది ప్రేమా, భయమా? రెండూ కలిసిపోయాయి, నాకే విడదీయరావు.

మీకు దండం పెడతాను, ఈ ఒక్కటి వినండి. బరువెత్తి పట్టేసిన నొప్పి విశ్రాంతితో రోజురోజుకూ తగ్గుతుంటే కంగారు పడకండి. కానీ పడ్డాక కాలు మోపలేకపోయినా, పాదం బయటికి తిరిగినా, కాలు పొట్టిగా కనబడినా కదపకండి, రుద్దకండి, తొక్కించకండి. అంబులెన్సు పిలవండి. నొప్పితో పాటు జ్వరమొచ్చినా ఆగకండి. పడకపోయినా సరే, నొప్పి వారాలు దాటినా, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వకపోయినా డాక్టరుకు చూపించండి. చెప్పేవాళ్ళు ఏ జిల్లా వాళ్ళో చూడకండి.

కొన్ని వారాలుగా వదినకు రెండో తుంటి నొప్పి. నిద్ర పట్టడం లేదట. వయసు మీద పడ్డది, ఇంకేముంది అని నవ్వేసింది. నిన్న ఆ మాట చెవిన పడగానే నాకు పిచ్చెత్తినంత పనైంది. ఆమె వద్దు వద్దంటున్నా ఆటో ఎక్కించాను. ఎల్బీనగర్ మెట్రో కింద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. అక్కడ, ఆ చౌరస్తాలోనే, నా నోరు నా మాట వినలేదు. నాయనమ్మ కట్టడి, స్కూటరాయన, టీచరమ్మను అన్న మాట ఎందుకన్నానో, అన్నీ చెప్పాను. నాకు తెలిసే తొక్కాను వదినా అన్నాను.

ఆమె బస్సుల వైపు ముఖం తిప్పుకుంది. "నీ దిక్కు మాట్లాడి నా తమ్మునితోని కొట్లాడిన గదనే" అంది. అంతే. దవాఖాన ముందు చెయ్యి అందించాను. పట్టుకోలేదు. డ్రైవర్ భుజం పట్టుకుని దిగింది.

రెండో తుంటి అరిగిందట, విరగలేదు. మందులు రాశారు. ఇంటికి వచ్చేదాకా నాతో ఒక్క మాట లేదు, పొద్దున కూడా లేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగే ముఖం ఎక్కడిది? ఏడుస్తూనే ఉన్నాను, కానీ గుండెల నిండా ఊపిరి ఆడుతోంది. ఇన్నేళ్ళూ ఆమె తన తమ్ముడి మీద చూపిన కోపం ఇప్పుడు నా మీద ఉంది. ఉండనీయండి, అది నాదే.